సగం సబ్బు, సగం నీళ్లు



ఈ మాటలు వింటున్నవారిలో కొందరు ఇప్పుడు పెరట్లో నూతిగట్టు మీద అద్దం ఆనించుకుని గడ్డం గీసుకుంటూ ఉంటారు. కొందరు సెలూన్ కుర్చీలో వెనక్కి వాలి, మెడ చుట్టూ తెల్లగుడ్డతో కళ్లు మూసుకుని వింటూ ఉంటారు. మా చిన్నప్పుడు ఏలూరు సెలూన్లలో పొద్దున్నే రేడియో మోగుతూ ఉండేది. ప్రాంతీయ వార్తలు మొదలైనప్పుడు బుగ్గకు పట్టించిన నురగ, వార్తలు ముగిసేదాకా ఆరకుండా నిలబడాలి. అలా నిలబడితేనే ఆ చేతికి పనితనం ఉన్నట్టు. ఈవేళ ఆ నురగ గురించే మాట్లాడతాను. నురగ గురించి మొదలుపెడితే నీళ్ల గురించి మాట్లాడక తప్పదని ఈమధ్యే నాకు తెలిసొచ్చింది. అది ఎలా తెలిసిందో చెబుతాను.

నేను చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి. కిందటి సంక్రాంతికి ముందు, తాడేపల్లిగూడెంలో ఉంటున్న నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఏలూరులో మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి అరచేతిలో పట్టేంత గుండ్రటి రేకుడబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత తియ్యగానే వట్టివేరు వాసన. ఎండాకాలం కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడిక మీద నీళ్లు చల్లినప్పుడు గదంతా పరుచుకునే చల్లటి వాసన, అదే. డబ్బాలో పాలకోవా రంగులో సబ్బు బిళ్ల, పైన కొంచెం గరుకుగా, వేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది.

"గడ్డం సబ్బు, మాస్టారూ. నేనే చేశాను. లైసెన్సు పనులన్నీ అయ్యాక అమ్మకానికి పెడదామనుకుంటున్నాను. ఈలోగా వాడి చూసి చెప్పండి. బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. మొహమాటం వద్దు" అంది.

మర్నాడు తెల్లారగానే కూర్చున్నాను. బ్రష్షును గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు నానబెట్టాను. ఈలోగా మొహం కడుక్కుని గడ్డం మీద నీళ్లు ఆరనివ్వకుండా చేత్తో రాస్తూ ఉన్నాను. బ్రష్షును ఒక్కసారి విదిలించి సబ్బు బిళ్ల మీద గుండ్రంగా తిప్పాను. మొదట పెద్ద పెద్ద బుడగలు లేచి ఠపఠపా పగిలిపోయాయి. చాలామంది అక్కడే తొందరపడి మొహానికి పట్టించేస్తారు. నేను ఆగి, ఇంకో అర నిమిషం తిప్పాను. బుడగలు చిన్నవయ్యాయి. బ్రష్షు కొసల్లో తెల్లటి ముద్ద చేరింది. అప్పుడు బుగ్గ మీద పెట్టి, చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ తిప్పాను. నాలుగో చుక్కకో అయిదో చుక్కకో ఆ ముద్ద విచ్చుకుంది. గడ్డపెరుగు మీద మీగడలా చిక్కగా, మెరుస్తూ నిలిచింది. బుడగ కంటికి కనపడలేదు. రేజరు పెడితే చప్పుడు కూడా లేకుండా దిగింది. రెండోసారి ఎదురు గీత గీసినా చర్మం మండలేదు. కడుక్కున్నాక చాలాసేపటి వరకూ బుగ్గ పొడిబారలేదు.

ఫోన్ చేసి చెప్పాను. "అమ్మా, బాగుంది. ఎలా చేశావో చూడాలి" అన్నాను. "రండి మాస్టారూ, ఆదివారం మళ్లీ చేస్తున్నాను" అంది.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారి మీకు తెలిసిందే. భీమడోలు దాటితే ఎడంపక్కగా ద్వారకా తిరుమలకు దారి. చిన్నతిరుపతి మొక్కుకు తలనీలాలు ఇచ్చి, కల్యాణకట్ట దగ్గర గుండు మీద నీళ్లు పోయించుకుని వచ్చినవాళ్లు మనలో ఎంతమందో. అసలు ఈ ప్రాంతానికీ మంగలికత్తికీ ఉన్న అనుబంధం రెండువేల ఏళ్లకు పైమాటే. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండల్లో బౌద్ధ భిక్షువులు తొలిచిన గుహలు క్రీస్తు పూర్వం నాటివి. భిక్షువు దగ్గర ఉండదగిన వస్తువులు ఎనిమిదే అని వాళ్ల నియమం. మూడు వస్త్రాలు, భిక్షాపాత్ర, నడికట్టు, సూది, క్షౌరపు కత్తి, నీళ్లు వడగట్టుకునే గుడ్డ. అన్నీ వదిలేసినవాడికి కూడా కత్తీ, శుభ్రమైన నీళ్లూ తప్పలేదన్నమాట. ఆ రెండూ ఒకే జాబితాలో ఉండటం గురించి నేను ఇంతకుముందు ఆలోచించలేదు. ఈ సబ్బు చేతికొచ్చాకే ఆలోచించాను.

గూడెంలో ఆ అమ్మాయి వాళ్ల ఇంటి వెనక వరండాలో పని. ఒక స్టవ్వు, మరుగుతున్న నీళ్ల గిన్నె, దాని మీద ఇంకో స్టీలు గిన్నె, గ్రాముల్లో తూచే కాటా. ఆమె కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు. కాలేజీ ల్యాబ్‌లో నేర్పిన జాగ్రత్తలన్నీ వరండాలో కనిపిస్తే మాస్టారికి అంతకంటే సంతోషం ఏముంటుంది?

ముందు తెల్లటి పలుకులు గిన్నెలో పోసింది. అది స్టియరిక్ ఆమ్లం. కొవ్వొత్తుల్లో వాడేది కూడా అదే. మిషెల్ షెవ్రల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కొవ్వులను విడగొట్టి, వాటిలో ఏముందో 1823లో పుస్తకంగా రాశాడు. స్టియరిక్ ఆమ్లాన్ని లోకానికి చూపించింది ఆయనే. ఇది సుమారు 70 డిగ్రీల వేడికి కరుగుతుంది. గడ్డం సబ్బుకు ఇది వెన్నెముక. ఒంటి సబ్బు నురగ నిమిషంలో చప్పబడిపోతుంది. గడ్డం సబ్బు నురగ నిలబడాలి. ఆ నిలబెట్టే గుణం స్టియరిక్ ఆమ్లానిది.

తర్వాత కొబ్బరినూనె. అది పాలకొల్లు వైపు నుంచి తెప్పించిందట. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. నురగ త్వరగా, బోలెడంతగా లేవడం దాని పుణ్యమే. కానీ ఎక్కువైతే చర్మాన్ని ఎండబెడుతుంది. అందుకని కొలత దాటకూడదు. ఆ తర్వాత కొంచెం ఆముదం. నురగకు ఆ జిగి, కత్తి జారే నునుపు ఆముదం ఇస్తుంది. కొంత పామాయిల్ కూడా పోసింది. అది మాత్రం మన ఇంటి పంటే. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్‌పామ్ మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ 1995 నుంచి పనిచేస్తోంది. పెదవేగి, కామవరపుకోట, జంగారెడ్డిగూడెం వైపు వెళితే రోడ్డుకు రెండువైపులా ఆ తోటలే. ఎర్రటి పళ్ల గెలలు వేసుకుని ట్రాక్టర్లు మిల్లులకు వెళుతుంటాయి. ఇక తాడేపల్లిగూడేనికి నూనెలూ కొవ్వులూ కొత్త కాదు. 1960లో మొదలై త్రీ ఎఫ్ అని జనం పిలుచుకునే కంపెనీ ఈ ఊళ్లోనే పెరిగింది. నూనె వాసన తెలిసిన ఊళ్లో ఒక ఆడపిల్ల సబ్బు చెయ్యడం నాకు సహజంగానే అనిపించింది.

ఇంకో గిన్నెలో చల్లటి నీళ్లు తీసుకుని, అందులో క్షారం కొద్దికొద్దిగా వేసి కలిపింది. నీళ్లలో క్షారం వెయ్యాలి తప్ప, క్షారంలో నీళ్లు పొయ్యకూడదు. పోస్తే మరిగి మొహాన చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలు వాడకూడదు. క్షారం దాన్ని తినేస్తుంది. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నా మాటలు విని ఎవరూ వంటింట్లో ప్రయోగం మొదలుపెట్టకండి. నేర్చినవాళ్ల దగ్గర నేర్చుకున్నాకే చెయ్యండి.

ఇక్కడో చిన్న రహస్యం ఉంది. గడ్డం సబ్బులో రెండు క్షారాలు వాడతారు. సోడియం క్షారంతో గట్టి సబ్బు వస్తుంది. పొటాషియం క్షారంతో మెత్తటి సబ్బు, నీళ్లలో తేలిగ్గా కరిగే సబ్బు వస్తుంది. గడ్డం సబ్బులో పొటాషియం పాలు ఎక్కువ, సోడియం పాలు తక్కువ. అందుకే బిళ్ల వేలికి దిగేంత మెత్తన. అందుకే బ్రష్షు తాకగానే లొంగుతుంది. ట్యూబులో వచ్చే క్రీమ్ కూడా ఈ జాతిదే, కాకపోతే అందులో నీళ్లు ఎక్కువ. పొటాషియం మన పెద్దలకు తెలియని వస్తువేం కాదు. కట్టెల బూడిదలో ఉండేది అదే. బూడిద నీళ్లు తేర్చి గుడ్డలు ఉతకడం, చౌడుమట్టితో చాకిరేవులో బట్టలు ఉడకబెట్టడం, కుంకుడు పులుసుతో తలంటుకోవడం, ఇవన్నీ మురికి వదలగొట్టే విద్యలే. పేర్లు మనం పెట్టలేదు గానీ పని మనకు తెలుసు.

వేడి నూనెలో ఆ క్షారజలం పొయ్యగానే గిన్నెలో ఉన్నది ఒక్కసారిగా చిక్కబడి ముద్దకట్టింది. గరిటె తిరగడం కష్టమైంది. ఉడుకుతున్న కోవాను అడుగంటకుండా తిప్పినట్టు గంటకు పైగా తిప్పుతూనే ఉంది. గరగరలాడే ముద్ద మెల్లగా మెరుపెక్కి, అంచుల్లో మైనంలా పారదర్శకమైంది. నూనె, క్షారం కలిసి సబ్బుగా మారాయి. దాంతోపాటు గ్లిసరిన్ పుట్టింది. పెద్ద ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల ఆ గ్లిసరిన్‌ను విడిగా తీసి వేరే పనులకు అమ్ముకుంటారు. చేత్తో చేసిన సబ్బులో అది సబ్బులోనే ఉండిపోతుంది. ఆ పొద్దున నా బుగ్గ పొడిబారకపోవడానికి ఒక కారణం అదే. చివర్లో వట్టివేరు తైలం కలిపి, చెంచాతో డబ్బాల్లో సర్ది, పైన వేలితో నొక్కింది. ఆ గరుకు ఆమె వేలి గురుతు.

నేను మురిసిపోయి, నాలుగు డబ్బాలు అడిగి తీసుకుని వచ్చాను.

అసలు కథ ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

ఫిబ్రవరిలో మా మేనత్త కొడుకు ఇంటికి వెళ్లాను. కైకలూరు దగ్గర, కొల్లేటి అంచున ఉన్న ఊరు. సబ్బు నాతోపాటే తీసుకెళ్లాను. పొద్దున్నే బోరు నీళ్లతో కూర్చున్నాను. అదే బ్రష్షు, అదే సబ్బు, అదే చెయ్యి. ఎంత తిప్పినా నురగ లేవలేదు. లేచిన కాస్తా మజ్జిగ తేటలా పలచబడి బుగ్గ మీంచి జారిపోయింది. గిన్నె అంచుకు తెల్లటి తరకలు పట్టాయి. రేజరు పట్టి పట్టి లాగింది. గడ్డం కింద రెండుచోట్ల తెగింది.

మా బావ అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. "బావా, ఆ నీళ్లతో పప్పే ఉడకదు. నీ సబ్బేం నురగొస్తుంది? ఉండు" అని లోపలికి వెళ్లి, తాగడానికి కొనుక్కున్న క్యాను నీళ్లు చెంబుతో తెచ్చి ఇచ్చాడు. ఆ చెంబెడు నీళ్లతో నురగ మళ్లీ మీగడలా నిలబడింది.

తెగినచోట పటిక రాసుకుంటూ కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చాడు మా ఊరి పెద్దాయన.

నా చిన్నతనంలో మా నాన్నగారికి క్షౌరం చెయ్యడానికి ఒక నాయీబ్రాహ్మణ పెద్దాయన వారం వారం ఇంటికి వచ్చేవాడు. చంకలో పొది. అందులో రెండు కత్తులు, కత్తెర, సానరాయి, తోలుపట్టా, చిన్న ఇత్తడి గిన్నె, పటికముక్క. ఆయన దగ్గర సబ్బు ఉన్నట్టు నాకు గుర్తులేదు. గిన్నెలో నీళ్లు పోసుకుని, మా నాన్నగారి బుగ్గల మీద ఆ తడి వేళ్లతో రాస్తూ, రాస్తూ, చాలాసేపు రాస్తూనే ఉండేవాడు. నాన్నగారు తొందరపెడితే, "నాననియ్యండి బాబూ. నీళ్లే సగం గీసేస్తాయి. మిగిలిన సగమేనండి కత్తిది" అనేవాడు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఆయన మేర ఆయనకు కొలిచి ఇచ్చేవారు. పెళ్లిళ్లలో సన్నాయి కూడా ఆయనదే. ఆయన మాటలోని శాస్త్రం నేను పుస్తకాల్లో తర్వాత చదువుకున్నాను. గడ్డపు వెంట్రుక నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. ఎండిన వెంట్రుకను కొయ్యడం కంటే నానిన వెంట్రుకను కొయ్యడానికి బలం బాగా తక్కువ పడుతుంది. నురగ చేసే పెద్ద పని ఆ నీటిని వెంట్రుక దగ్గరే పట్టి ఉంచడం, కత్తికి జారుడు ఇవ్వడం. అంతే. పని చేసేది నీళ్లు. నురగ ఆ నీళ్లను మోసే పల్లకి.

ఆయన పటికకు రెండు పనులు. గడ్డం అయ్యాక బుగ్గకు రాసి, తెగినచోట రక్తం ఆపడం ఒకటి. వరదల రోజుల్లో ఎర్రటి కాలువ నీళ్లు కుండలో పట్టాక, అదే పటికను నీళ్లలో నాలుగుసార్లు తిప్పితే మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడేవి. కొందరు ఇండుపగింజ అరగదీసి వేసేవారు. బురద నీటికి మన వాళ్ల దగ్గర మందు ఉంది. కానీ కొల్లేటి అంచున బోరులో వచ్చే నీళ్లది బురద కాదు. చూడటానికి అద్దంలా తేటగా ఉంటాయి. వాటి జబ్బు కంటికి కనపడదు.

ఆ జబ్బు పేరు కఠినత్వం. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే, సబ్బు వెయ్యగానే అవి సబ్బును పట్టుకుని కరగని తరకలుగా మార్చేస్తాయి. మా బావ గిన్నె అంచుకు పట్టింది అదే. నా సబ్బు నురగ కావలసింది పోయి తెట్టు అయింది. దానికి ఉప్పదనం తోడైతే సబ్బు నీళ్లలో కరగడానికే మొరాయిస్తుంది. 1841 ప్రాంతంలో థామస్ క్లార్క్ అనే స్కాట్లండు రసాయన శాస్త్రవేత్త ఈ గుణాన్నే కొలబద్దగా వాడాడు. సబ్బు ద్రావణాన్ని కొంచెం కొంచెం కలుపుతూ సీసా ఊపి, నురగ నిలబడటానికి ఎంత సబ్బు పట్టిందో చూసి, నీళ్ల కఠినత్వం లెక్కకట్టాడు. నురగతో నీళ్లను కొలిచాడన్నమాట. ఆ పొద్దున నేను గడ్డం గీసుకుంటున్నాననే అనుకున్నాను. నిజానికి కొల్లేటి నీళ్లను కొలిచాను.

ఒకే సబ్బు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఎందుకుందో మన నేల చెబుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. గోదావరి నీళ్లు ఏలూరు కాలువ పట్టుకుని నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా పడమటికి వస్తాయి. కృష్ణ నీళ్లు బెజవాడ నుంచి తూర్పుకు వస్తాయి. ఆ రెండు కాలువలూ ఏలూరులో కలుసుకుంటాయి. రెండు మహానదుల తీపినీళ్లు అందుకున్న ఊరు మనది. గూడెంలో ఆ అమ్మాయి సబ్బు చేసి, పరీక్షించి చూసింది ఆ కాలువ నీళ్లతోనే. ఏలూరులో నేను వాడిందీ అవే నీళ్లు. కాబట్టి ఇద్దరికీ సబ్బు బంగారంలా కనిపించింది. అక్కణ్ణుంచి కాస్త దూరం దక్షిణంగా వెళ్లేసరికి లెక్క తప్పింది.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు, మురుగుకాలువలు అందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. పైనుంచి మంచినీళ్లు దండిగా వస్తున్నంతకాలం ఉప్పుటేరు సముద్రం వైపే నడుస్తుంది. వేసవిలో పైనీళ్లు తగ్గితే, సముద్రపు పోటు ఆ ఏరు పట్టుకునే వెనక్కి ఎదురు వస్తుంది. ఆ ఏటికి ఉప్పుటేరని పేరు పెట్టినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

మా నాన్నగారి చిన్నతనంలో లంక గ్రామాలవాళ్లు దోనె మీంచి వంగి కొల్లేటి నీళ్లు దోసిట పట్టి తాగేవారట. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళితే ఆ నీళ్లతోనే వంటలు చేసుకునేవారట. తర్వాత ఎంతో మారింది. సరస్సు కడుపులో చేపల చెరువుల గట్లు లేచాయి. పట్టణాల మురుగు, పొలాల మందులు దిగాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా రామ్‌సార్ జాబితాకు ఎక్కింది. 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. ఆటపాకలో గూడబాతులు ఇప్పటికీ వచ్చి గూళ్లు కడుతున్నాయి, పిల్లల్ని లేపుతున్నాయి. మనుషులు మాత్రం సరస్సు ఒడ్డున కూర్చుని తాగేనీళ్లు డబ్బాల్లో కొనుక్కుంటున్నారు. చుట్టూ నీళ్లే. గడ్డం గీసుకోవడానికి చెంబెడు మంచినీళ్లు మాత్రం ఇంట్లో వెతుక్కోవాలి. ఆ పొద్దున మా బావ తెచ్చి ఇచ్చిన చెంబు బరువు నా చేతికి ఇంకా తెలుస్తూనే ఉంది.

తిరిగొచ్చాక ఆ అమ్మాయికి జరిగింది జరిగినట్టు చెప్పాను. చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. "మాస్టారూ, ఆ బోరు నీళ్లు రెండు సీసాలు తెప్పించగలరా?" అంది. నా మనసు నిండిపోయింది.

నెలరోజులు కూర్చుంది. కొబ్బరినూనె పాలు రవ్వంత పెంచింది. కఠిన జలంలో మిగతా నూనెల సబ్బు కంటే కొబ్బరి సబ్బు కాస్త మెరుగ్గా నురగ ఇస్తుంది. దానికి తోడు మన వంటింటి నిమ్మఉప్పు వాడింది. నిమ్మఉప్పు క్షారంతో కలిస్తే సిట్రేట్ అవుతుంది. అది నీళ్లలోని కాల్షియాన్ని ముందే పట్టి ఉంచి, సబ్బు జోలికి పోకుండా చూస్తుంది. నిమ్మఉప్పు కొంత క్షారాన్ని తాగేస్తుంది కాబట్టి, ఆ మేరకు క్షారం కూడా లెక్కకట్టి పెంచాలి. లెక్క తప్పితే సబ్బు మెత్తబడి జావ అవుతుంది. రెండుసార్లు అలా అయిందట. మూడోసారి కుదిరింది.

ఉగాది దాటాక ఆ కొత్త డబ్బా పట్టుకుని మళ్లీ మా బావ ఊరు వెళ్లాను. ఈసారి ఆయన్నే కూర్చోబెట్టాను. బోరు నీళ్లే. ముందుగా బుగ్గలు చాలాసేపు తడిపాను, ఆ పెద్దాయన తడిపినట్టు. బ్రష్షు మీద సబ్బు మామూలు కంటే రెట్టింపు ఎక్కించాను. నురగ వచ్చింది. ఏలూరులో వచ్చినంత మీగడ కాదు. కానీ నిలబడింది, జారిపోలేదు. మా బావ అద్దంలో చూసుకుని బుగ్గ నిమురుకుని, "మన నీళ్లకు కూడా పనికొచ్చే సబ్బు ఒకటి వచ్చిందన్నమాట" అన్నాడు. ఆ మాట ఫోన్‌లో ఆ అమ్మాయికి చేరవేశాను. కాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు అమ్ముతాను మాస్టారూ" అంది.

శ్రోతలారా, చేత్తో చేసిన వస్తువుకు విలువ ఎక్కడుందని నన్ను అడిగితే నేను ఈ సంగతే చెబుతాను. పరిమళంలో లేదు, డబ్బా అందంలో లేదు. ఎక్కడో చేసిన సబ్బు అన్ని నీళ్లనూ ఒక్కటే అనుకుంటుంది. కొల్లేటి బోరు నీళ్లు సీసాలో తెప్పించుకుని, ఆ నీళ్ల కోసం సబ్బును మళ్లీ వండిన మనిషి ఒకరున్నారు. ఆ విలువ అక్కడుంది.

మీరు కూడా ఒక పని చెయ్యండి. ఖాళీ నీళ్ల సీసాలో సగానికి మీ ఇంటి నీళ్లు పట్టండి. మామూలు ఒంటి సబ్బును చాకుతో గీకి, చిటికెడు తురుము వెయ్యండి. మూత బిగించి పదిసార్లు ఊపండి. నురగ గుబురుగా నిలబడి కింద నీళ్లు తేటగా ఉంటే మీ నీళ్లు మెత్తటివి. నురగ నిలవక నీళ్లు పాలలా తెల్లబడి తరకలు తేలితే కఠినమైనవి. మన ప్రమాణాల ప్రకారం తాగేనీళ్లలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకున్నారు. సీసా పరీక్ష అంకె చెప్పదు, హెచ్చరిక చెబుతుంది. అనుమానం వస్తే నీళ్లు పరీక్ష చేయించండి. కొన్ని నీళ్ల కఠినత్వం మరిగిస్తే పోతుంది. ఉప్పునీళ్లది పోదు. దానికి వాననీళ్లు పట్టుకోవడమే మంచి ఉపాయం. తొలకరి వానకు రెండోరోజు నుంచి చూరు కింద గంగాళం పెట్టుకోండి. ఆ నీళ్లతో గడ్డం గీసుకుని చూడండి.

ఈ ప్రసంగం వింటూ గడ్డం గీసుకుంటున్నవారు ఒక్కసారి కింద గిన్నెలోకి చూడండి. నురగ నిలబడి ఉందా? నిలబడి ఉంటే, మీ ఇంటికి ఇంకా తీపినీళ్లు వస్తున్నట్టే. ఆ కాలువను, ఆ చెరువును కాపాడుకోండి. నిలబడకపోతే, కొల్లేటి అంచున ఉన్నవాళ్లకు ప్రతి పొద్దూ అలాగే ఉంటుందని గుర్తుంచుకోండి. మా ఊరి పెద్దాయన సగం పని నీళ్లదేనన్నాడు. ఆ సగం సబ్బు చేసే చేతుల్లో లేదు. అది మనందరి చేతుల్లో ఉంది.